జడ విప్పేదాకా

ఆ ఉదయం రజియాబీ ఇంట్లో సంచి సర్దుతున్నది నేను. సర్దినవి తీస్తున్నది ఆమె.

నేను నాలుగు జొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టాను. ఆమె తీసి, విప్పి, ఒక్కొక్క రొట్టెనూ తిప్పి చూసి పక్కన పెట్టింది. పల్లీల పొడి పొట్లం పెట్టాను. ఆమె తీసి వాసన చూసింది. దుప్పటి పెట్టాను. దులిపింది. ఆమె కొడుకు షరీఫ్ గడపలో కూర్చుని, గోళ్లలో ఇరుక్కున్న సైకిలు చెయిను నూనె పుల్లతో తీసుకుంటూ మా ఇద్దరినీ చూసి నవ్వాడు.

"అమ్మీ, నువ్వు గట్ల తీసుకుంట కూసుంటే బస్సు పోతది."

"పోనీ. ఇంకోటి ఒస్తది," అంది రజియాబీ. "ఈమె పెట్టింది చూసుకోకుంట నిన్ను తోలను. ఒకసారి చూడలే. ఏమైంది?"

నేను ఆమె దులిపిన దుప్పటిని మళ్లీ మడిచాను. ఆ 'ఒకసారి' అయిదు నెలల కిందటిది.

ఆమె తీయనివి ఒక్కటే, ఎనిమిది రంగుల ఎనిమిది గుడ్డ తాళ్లు. చుట్ట చుట్టి సంచి అడుగున ఉన్నాయి. వాటి కోసమే షరీఫ్ వనపర్తి పోతున్నాడు. అక్కడి కాలేజీ పిల్లలు జడ కోలాటం నేర్పమని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం నేను ఏడుసార్లు చదివాను. నాకు బడి లేదు. కిరాణా పొట్లాల కాగితాల మీద, బస్సుల బోర్డుల మీద అక్షరాలు ఏరుకున్నదాన్ని. ఏడుసార్లూ నేను చూసింది రాత వెనక ఉన్న చేతిని. పిల్లల చెయ్యేనా, ఖాకీ చెయ్యా? 'గౌరవనీయులైన షరీఫ్ అన్నకు' అని ఉంది. మమ్మల్ని గౌరవనీయులని ఎవరంటారు? నా అనుమానమంతా అక్కడే.

విద్యార్థులూ, కూలి సోదరులూ, మీలో జడ కోలాటం చూడని వాళ్లు ఉండొచ్చు. పైన ఒక ఇనుప కడియం వేలాడుతుంది. దానికి ఎనిమిది తాళ్లు. ఎనిమిది మంది ఎడమ చేత తాడు, కుడి చేత కోల పట్టుకుని, ఒకరి తాడు కింద నుంచి ఒకరు దూరుతూ తిరుగుతారు. తిరిగినకొద్దీ పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. అక్కడికి సగం ఆటే. అవే అడుగులు వెనక్కి వేసి జడను విప్పాలి. ఒక్కరు తాడు వదిలారా, మిగతా ఏడు బిగుసుకుపోతాయి.

మేము ఏడాదంతా నడుము వంచి నాట్లు వేసేవాళ్లం. తాడు పట్టుకుంటే నడుము లేవాలి, లేకుంటే తాడు అందదు. నా పెనిమిటి కూలీల గుంపుతో డ్యాము పనికని లారీ ఎక్కిపోయి తిరిగి రానప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు. ఆ దసరాకు జడ విప్పుతుంటే, వెనక్కి వేసే నాలుగో అడుగులో వచ్చాయి. ఆట ఆపలేదు. ఏడుస్తూనే విప్పాను. నా పక్కనున్న ఎంకమ్మ కోలతో నా కోలను గట్టిగా కొట్టి, "ఏడువ్, ఏడువ్. తాడు మాత్రం ఇడువకు," అంది. అట్లాంటి ఆట అది.

కానీ ఆ ఆట మాది కాదు, గడిది. మా ఊరు తెలకపల్లికి మూడు కోసుల దూరం. దసరా నాడు మొదటి జడ దొర గడిలో, ఆయన దూలానికి, ఆయన తాళ్లతో అల్లాలి. దొర "ఇప్పుండ్రి" అనేదాకా విప్పకూడదు. ఆయన భోజనానికి పోతే తాళ్లు పట్టుకుని ఎండలో నిలబడాలి. తాడు నేల మీద పడితే ఆడినవాళ్ల ఇంట్లో చావు లేస్తుందని మా తాతలకు గడివాళ్లే చెప్పారు. మేము మా పిల్లలకు చెప్పుకున్నాం.

1985 దసరాకు ఎంకమ్మ కోడలు పుష్ప పన్నెండు రోజుల బాలింత. "పచ్చి ఒళ్లు దొరా, ఈ యేడు ఇడిసిపెట్టు," అని ఎంకమ్మ కాళ్లు పట్టుకుంది. "తాడు పట్టనీకి ఒళ్లెందుకే? చెయ్యి చాలు," అన్నాడు దొర. జడ అల్లాక ఆయన లోపలికి పోయాడు. తిన్నాడు. పడుకున్నాడు. గడి బయట పుష్ప పసిబిడ్డ ఏడుస్తోంది. లోపల పుష్ప రవిక పాలతో తడిసిపోయింది. పొద్దు పడమటికి వాలేసరికి పడిపోయింది. తాడు మాత్రం వదలలేదు. ఆ తాడుకే వేలాడింది. మేం ఏడుగురం చూస్తూ నిలబడ్డాం. నేనూ నిలబడ్డాను. నా చేతిలో తాడు ఉంది కదా, నా ఇంట్లో చావు లేస్తుంది కదా!

పుష్ప బతికింది. పాలు ఎండిపోయి బిడ్డ బతకలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో మాకు కోలాటం నేర్పే యాదయ్య అన్నాడు, "ఈపాలి గడిల ఆడొద్దు. మన వాడల ఆడుదాం. మన తాళ్లతోని." యాదయ్య కూలి సంఘంలో మనిషి. ఆ మాట ఎవరికీ కొత్త కాదు, అందరి కడుపులోనూ ఉన్నదే. కానీ వాడలో దూలమేది? షరీఫ్ దారి చూపాడు. ఎడ్లబండి నొగలు పైకి లేపి కడదామన్నాడు. దాని కొసకు తన సైకిళ్ల దుకాణంలోని పాత రిమ్ము వేలాడగట్టాడు.

"తురకోనికి కోలాటమేందిరా?" అని ఈరన్న నవ్వాడు.

"వాని అడుగు పీర్ల గుండం చుట్టు చూసిన," అన్నాడు యాదయ్య. "నిప్పుల పక్కన తప్పని అడుగు, మన్నుల తప్పుతదా?"

తలా ఒక పాత చీర తెచ్చి రంగులద్ది తాళ్లు చేశాం. రజియాబీ పీర్లకు కట్టే దట్టీల్లో మిగిలిన ఆకుపచ్చ గుడ్డ ఇచ్చింది. అది షరీఫ్ తాడైంది. నా బిడ్డ రాధకు పసుపుది. పంతొమ్మిదేళ్ల పిల్ల, గొంతెత్తి పాడితే నాట్లలో పక్క మడివాళ్లు కూడా చెయ్యి ఆపేవాళ్లు. నాకు మోకాళ్లు పట్టేసి ఆట మానుకున్నాను. తాళ్లు దాచే పని నాకు అప్పగించారు. గూట్లో పెట్టి గొళ్లెం వేశాను.

ఊళ్లో ప్రతి ముఖం వైపూ అనుమానంగా చూసేదాన్ని. ఈరన్న గడి ముందు నుంచి ఎందుకు పోయాడు? ఎంకమ్మ గడిలో ఊడ్చి వస్తూ ఎందుకు ఆలస్యం చేసింది? షరీఫ్ తెలకపల్లి బస్సుల దగ్గర పోలీసు హెడ్డు సైకిలుకు గాలి కొడుతూ ఏం మాట్లాడాడు? ఇంటికి వచ్చి రాధతో అన్నాను.

"హెడ్డుతోని నవ్వుకుంట మాట్లాడుతుండు."

"గాలి కొట్టేటోడు ఏడ్సుకుంట కొడ్తడా అవ్వా?" అంది రాధ.

దసరా ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా సాధన మధ్యలో పోలీసులు వచ్చి యాదయ్యను పట్టుకుపోయారు. నేరుగా బండి దగ్గరికే వచ్చారు. రిమ్ము ఎక్కడ ఉందో వాళ్లకు తెలుసు. మూడు రోజుల తర్వాత వదిలారు. ఇద్దరు మోసుకొచ్చారు. అరికాళ్లు పుచ్చకాయల్లా ఉబ్బి పగిలాయి. ఆట నేర్పేవాడిని ఎక్కడ కొట్టాలో వాళ్లకు ఎవరో చెప్పే ఉంటారు.

మధ్యాహ్నం యాదయ్య వాకిట్లో అందరం కూడాం. ఎవరు చెప్పారు? అందరి నోట్లో అదే. ఎవరి వైపు ఎవరు చూసినా వాళ్లు ముఖం తిప్పుకుంటున్నారు. నేను లేచి హెడ్డు సంగతి చెప్పాను. నా కళ్లతో చూశానన్నాను. అప్పుడు ఎంకమ్మ ఊపిరి ఎగబోసుకుంటూ వచ్చింది.

"గడి తలుపుకు కొత్త పీలిక కట్టి ఉండెనంట. అదే దొర చేతుల సూసిన. 'నాకు తెల్వకుంట కొత్త తాళ్లు నేసిండ్రు' అని నవ్వుతుండు."

"ఏం రంగు?" అన్నాడు ఈరన్న.

"ఆకుపచ్చ."

వాకిలంతా షరీఫ్ వైపు తిరిగింది. నా గుండె మాత్రం నా వైపు తిరిగింది.

ఆ పీలిక నేను కట్టాను.

కొత్త తాడైనా, కొత్త కాడైనా, కొత్త బండైనా దాని మొదటి పీలిక గడి తలుపుకు కట్టి మొక్కడం మా పద్ధతి. మా అత్త కట్టింది. నేను ముప్ఫై ఏళ్లు కట్టాను. ఈ తాళ్లకు ఎవరూ కట్టలేదు. నా ఒక్కగానొక్క బిడ్డ ఆ తాడు పట్టుకుని ఆడబోతోంది. భయమేసింది. మిగతావన్నీ కట్టి విడిచిన చీరల తాళ్లు. మైల గుడ్డ తలుపుకు కట్టకూడదు కదా. ఎవరూ కట్టని గుడ్డ ఆకుపచ్చది ఒక్కటే. దాని కొస జానెడు చింపి, గడిలో వడ్లు చెరగడానికి పోయినప్పుడు తలుపు గొలుసుకు కట్టి, నా బిడ్డను చల్లగా చూడమని మొక్కాను. ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని కూడా నాకు తోచలేదు.

"అమ్ముకుంటివి కదరా!" ఈరన్న షరీఫ్ కాలరు పట్టుకున్నాడు.

షరీఫ్ విడిపించుకోలేదు. "పీర్లు లేచిన నాడు మీ కుడుకలు, మీ ఊదు మా అమ్మ చేతికే ఇస్తిరి. గప్పుడు నేను ఎవలోన్ని ఈరన్నా? ఇప్పుడు ఎవలోన్నయితి?"

"మాటలొద్దు. తాడు ఇచ్చిపో."

షరీఫ్ నా దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, తాళ్లు దాసేది నువ్వే కదా. కింద పెట్టొద్దంటరు. తీసుకో," అని ఆకుపచ్చ తాడు నా చేతికి ఇచ్చాడు. తీసుకున్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే నా బిడ్డ ముఖాన ఉమ్ముతారు. తెరవకపోతే పరాయి బిడ్డ ముఖానే కదా. అట్లా అనుకున్నాను. అనుకున్నది దాచి రాయలేను.

యాదయ్య తాడు పుష్పకు ఇచ్చి, రెండు రోజులు ఏడుగురితో ఆడారు. జడ కుదరలేదు. జోడు లేని తాడు ఎక్కడో ఒక చోట అడ్డం పడి ముడి బిగుసుకునేది. రాధ పంటితో ముడి విప్పుతూ, "తాడు తీసేస్తే మడిసి పోయిండనుకున్నరు. ఆ జాగ పోతదా?" అంది.

మూడో రోజు రజియాబీ మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లక్ష్మీదేవమ్మా, ఒక్కటే మాట అడుగుత. తాళ్లు ఎవలింట్ల ఉండె?"

"మా ఇంట్ల."

"గొళ్లెం ఎవల్ది?"

"నాదే."

"నేనేం అంటలేను," అంది. "నువ్వు అక్షరాలు చదువుతవు. నాకు రావు. జర నువ్వే చదువుకో." వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బండి దగ్గర అందరూ ఉండగా చెప్పాను. పీలిక కట్టిన సంగతి, ఎందుకు కట్టానో, ఎందుకు దాచానో అన్నీ చెప్పాను. ఎంకమ్మ నేల మీద ఉమ్మింది. "ముసల్దానా, నా మనుమని పాణం తిన్న గడికి నువ్వు పీలిక గట్టి మొక్కితివా?" రాధ నా వైపు చూడలేదు. ఈరన్న నన్ను వాడ నుంచి వెళ్లగొట్టాలన్నాడు. షరీఫ్ మీద అరిచినదానికన్నా గట్టిగా అరిచాడు, సిగ్గుతో కాబోలు.

బండి పక్కన వేసిన మంచం మీద నుంచే యాదయ్య చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. ఈ యేడు గడికి ఏం జెయ్యనోళ్లు ఎవలెవలు? తొలి మొక్క కంకి ఇయ్యనోళ్లు, కొత్త కాడికి పీలిక గట్టనోళ్లు, చెప్పులిడువకుంట ఆ గేటు దాటినోళ్లు చెయ్యెత్తుండ్రి."

ఒక్క చెయ్యి లేవలేదు. ఈరన్న చెయ్యి కూడా.

"ఎంకమ్మా, నువ్వు?"

"మొన్న ఆవు ఈనింది. జున్నుపాలు మొదలు గడికే ఇచ్చిన," అని ఎంకమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"గడి ఆడ ఉందనుకుంటిరి," అన్నాడు యాదయ్య. "లక్ష్మీదేవమ్మ చేతుల పీలికుంది. మన చేతులల్ల లేదా? పోలీసోనికి ఎవలు చెప్పిండ్రని వెతుకుతున్నం. మన భయమే చెప్పింది పో."

షరీఫ్‌ను పిలవడానికి నన్నే పంపారు. అతను చక్రానికి ట్యూబు ఎక్కిస్తున్నాడు. మాఫీ అడగబోయాను.

"అది ఒద్దు పెద్దమ్మా. తాడు ఇయ్యి చాలు," అన్నాడు.

లోపల నుంచి రజియాబీ అంది, "వాడు మాఫ్ చేసిండు. నేను చెయ్యలే."

దసరా నాడు గడి తలుపులు తెరిచి, కొత్తగా సున్నం వేసి, దూలానికి తాళ్లు కట్టి ఉంచారు. ఎవరూ పోలేదు. వాడలో బండి నొగలు లేచాయి. ఊరు ఊరంతా వచ్చింది. లింగాల వైపు నుంచి కూడా జనం నడిచి వచ్చారు. యాదయ్య కాళ్లకు గుడ్డలు చుట్టుకుని తాళం పట్టి కూర్చున్నాడు. అతని తాడు పుష్ప చేతిలో ఉంది. ఏడాదిగా నవ్వని పిల్ల మొదటి చుట్టులోనే తల వెనక్కి వేసి పెద్దగా కేక పెట్టింది. పాటా కాదు, ఏడుపూ కాదు. కోలలన్నీ ఒక్కసారి ఆ కేక మీద పడ్డాయి. జడ దిగుతోంది.

సగం అల్లేసరికి వ్యాను వచ్చింది. వెనక దొర మనుషులు.

"ఆపండి! తాళ్లు కింద పడేయండి!" అన్నాడు ఎస్సై.

యాదయ్య చేతులు జోడించాడు. "సార్, జడ అల్లినంక ఇప్పకుంట ఇడువరు. కింద పడితే అరిష్టం. మేం చెప్పింది గాదు, దొర తాతలు చెప్పిందే."

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే ఎస్సైకి ఒళ్లు మండింది. "మొదలు వాణ్ని లాగండి," అని షరీఫ్‌ను చూపించాడు.

ఇద్దరు పట్టి లాగారు. షరీఫ్ తాడు వదలలేదు. లాఠీ చేతి మీద పడింది. వేళ్లు విడిపోయాయి. తాడు కిందికి జారుతుంటే నా మోకాళ్లు నాకు గుర్తు లేవు. పోయి పట్టుకున్నాను. అడుగు తప్పకుండా షరీఫ్ జాగాలోకి దూరాను. "అవ్వా, కుడి నుంచి!" అని రాధ అరిచింది. మూడు రోజుల తర్వాత అది నాతో మాట్లాడిన మొదటి మాట.

తర్వాత రాధను లాగారు. ఆమె తాడు ఎంకమ్మ పట్టుకుంది. ఈరన్నను లాగారు. పిల్లను చంకనెత్తుకున్న ఒకామె అతని తాడు పట్టింది. అప్పుడే జడ విప్పడం మొదలుపెట్టాం. పుష్పను లాగారు, నన్ను లాగారు. నేను వ్యాను ఊచల్లోంచి చూశాను. ఆకుపచ్చ తాడు ఎవరి చేతిలోనో తిరుగుతూనే ఉంది. ముఖం తెలియని మనిషి. పక్క ఊరి మనిషి కావచ్చు. ఒక్క తాడూ నేల తాకలేదు. జడంతా విప్పి ఎనిమిది తాళ్లూ విడివిడిగా గాలికి ఊగేదాకా ఆడారట. వ్యాను నిండిపోతే మిగతావాళ్లు దాని వెనక నడిచి వచ్చి, తమనూ పట్టుకోమన్నారు.

ఇరవై ఒక్క మందిమి. నాలుగు నెలలకు బెయిలు వచ్చింది. గడి దూలానికి కట్టిన తాళ్లు మళ్లీ ఎవరూ పట్టలేదు. కానీ దొరకు తెలుసు, షరీఫ్ రిమ్ము కట్టకపోతే ఇది జరిగేది కాదని. "రిమ్ముగాడు ఏడున్నడు?" అని రెండుసార్లు దుకాణం దగ్గర ఎవరో అడిగి పోయారు. అందుకే వనపర్తి ఉత్తరం మీద నా అనుమానం.

ఉత్తరం నిజమైనదే. నా అనుమానం ఈసారి కూడా తప్పు మనిషి మీదికే పోయింది.

ఆ ఉదయం బస్సు హారను వినిపించినప్పుడు రజియాబీ నా రొట్టెల మూటను చూసింది, నన్ను చూసింది. మూట తీసి సంచిలో పెట్టింది. షరీఫ్ సంచి భుజాన వేసుకుని, "ఆదివారం ఒస్త," అన్నాడు.

మంగళవారం వనపర్తి కాలేజీ పిల్లలు ఇద్దరు, ఒక ఆడపిల్ల ఎనిమిది తాళ్లు తీసుకుని వచ్చారు. ఇంకా అడుగు కుదరలేదని, రెండు రోజులు ఉంచుకుంటామని అడిగి తీసుకున్నారట. వాటిని వాళ్లకు ఇచ్చి ఆదివారం సాయంత్రమే షరీఫ్ బస్సెక్కాడట. అన్న చేరాడా అని అడిగారు. బస్సును దారిలో నంబరు లేని జీపు ఆపి ఒకర్ని దింపుకుందని కండక్టరు చెప్పాడు. ఏ ఠాణాలో అడిగినా మా దగ్గర లేడన్నారు.

రజియాబీ ఆ ఆడపిల్లను ఒక్కటే అడిగింది. "రొట్టెలు తిన్నడా?"

"తిన్నడమ్మా. మాకు కూడ పెట్టిండు."

మరునాడు మండలాఫీసు ముందు బండి నిలబెట్టాం. నొగలు లేపాం. రిమ్ము కట్టాం. ఏడుగురం తాళ్లు పట్టుకున్నాక రజియాబీ వచ్చి ఆకుపచ్చ తాడు పట్టుకుంది. జన్మలో కోలాటం ఆడని మనిషి.

"ఏ కాలు మొదలు?" అని నన్ను అడిగింది.

"ఎడమ," అన్నాను. "నా ఎనక రా."

జడ అల్లాం. మా షరీఫ్‌ను చూపించేదాకా విప్పం అన్నాం. దొర కోసం ఎండలో నిలబడిన కాళ్లే అవి. చేతులు మారుతూ మూడు రోజులు నిలబడ్డాం. ఊళ్లు ఊళ్లు వచ్చి తాడు మార్చుకున్నాయి. వనపర్తి కాలేజీ పిల్లలు కూడా వచ్చి పట్టుకున్నారు, అడుగు సరిగ్గా వేశారు. నాలుగో రోజు లాఠీలతో కొట్టి చెదరగొట్టారు. రిమ్మును తాళ్లతో సహా మేం భుజాల మీద తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఆడిన ప్రతి ఆటకూ కొత్త తాళ్లు చేసుకున్నాం, ఎవరి తలుపుకూ పీలిక కట్టకుండా. ఆ జడను మాత్రం విప్పలేదు. రజియాబీ ఇంటి దూలానికి ఉంది.

షరీఫ్ తిరిగి రాలేదు. వనపర్తిలో బస్సెక్కింది 1987 మార్చి 22, ఆదివారం.